నాగావళి వంతెన మీద అరవై అడుగుల ఖాళీ

దెయ్యాల కథలు చెప్పేవాళ్లకి నేనంటే గిట్టదు. మా ఇంట్లో ఎవరైనా అలాంటిది మొదలుపెడితే నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని. ఎవరు చూశారు? ఎంత దూరం నుంచి చూశారు? అప్పుడు వెలుతురు ఎంత ఉంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేక మధ్యలోనే లేచి వెళ్లిపోయినవాళ్లు చాలామంది. దెయ్యం మీద నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను. అయినా ఇది రాస్తున్నాను.

మా నాన్న విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పేవారు. శ్రుతి వెంట్రుకవాసి తగ్గినా ఆయన చెవి పట్టేసేది. నాకు ఆ చెవి అబ్బలేదు. తప్పు ఎక్కడుందా అని వెతికే బుద్ధి మాత్రం వచ్చింది. దాంతోనే బతికాను. అరవైల చివర శ్రీకాకుళంలో నాగావళి మీద హైవేకి కొత్త వంతెన కడుతున్నప్పుడు నేను అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. సిమెంటులో ఇసక ఎక్కువ కలిపారా, చువ్వకీ చువ్వకీ మధ్య ఎడం సరిగ్గా ఉందా, స్తంభం నిట్టనిలువుగా నిలబడిందా, ఇవన్నీ చూడడమే నా పని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు.

ఊళ్లో పాత వంతెన ఒకటి ఉండేది. బాగా ఇరుకు. లారీ ఎదురైతే బస్సు ఆగాలి, ఎడ్లబండి ఎదురైతే లారీ ఆగాలి. అందుకని ఊరి చివర కొత్తది మొదలుపెట్టారు. కొత్తది పడిన చోట అంతకు ముందు రేవు ఉండేది. అవతలి ఒడ్డు పల్లెల నుంచి కూరగాయలూ పాలూ ఆ రేవులోనే నావ మీద దిగేవి. వంతెన వస్తుందని తెలిశాక పాడైపోయిన నావని ఎవరూ బాగు చేయించలేదు. మేము పని మొదలుపెట్టేసరికి అది బోర్లా పడి, చెక్కలు ఊడి ఒడ్డునే ఉంది.

వంతెన మొదలైన నాటి నుంచి ఊరికి మా మీద అనుమానం. వంతెన నిలబడాలంటే తలకాయ కావాలట, పిల్లల్ని ఎత్తుకెళ్లి పునాదిలో వేస్తున్నారట. ఆ రోజుల్లో ఎక్కడ వంతెన కట్టినా ఈ పుకారు పుట్టేది. మా కూలీ ఒకడు గోనెసంచి భుజాన వేసుకుని బజారుకి వెళ్తే పది మంది చుట్టుముట్టి కొట్టారు. సంచి విప్పితే అందులో ఉన్నవి చిలగడదుంపలు. మేమేమో ఊరిని అనుమానించేవాళ్లం. ఇనప చువ్వలు పోతున్నాయి. మాకు తెలియకుండా ఎవరో పట్టుకుపోతున్నారని అందరికీ గట్టి నమ్మకం.

ఎండాకాలంలో పని జోరుగా సాగింది. నదిలో అప్పుడు ఇసక తప్ప ఏముంటుంది, మోకాలి లోతు పాయ ఒకటి. ఇసకలోనే సరుగుడు కర్రలు పాతి, వాటి మీద చెక్కలు పరిచి స్లాబు పోసుకుంటూ వచ్చాం. కానీ మధ్యలో ఒక స్తంభం పునాది దిగుతూ దిగుతూ పక్కకి ఒరిగింది. దాన్ని సరిచేసేసరికి తొలకరి పడిపోయింది. దాంతో ఆ ఒక్క చోట స్లాబు పోయలేకపోయాం. ఊరి వైపు నుంచి స్లాబు వచ్చి ఆగింది, అవతలి వైపు నుంచి వచ్చి ఆగింది. మధ్యలో అరవై అడుగుల ఖాళీ, కింద నీళ్లు. మళ్లీ ఎండలు వచ్చేదాకా అది అంతే.

తవిటమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి.

అరవై ఏళ్లు దాటిన మనిషి. అవతలి ఒడ్డు పల్లె ఆవిడది. రోజూ పొద్దున్న పది గంటలకి తల మీద కుండతో చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చి మా కూలీలకి అమ్మేది. ఒడ్డు మీద మా రేకుల షెడ్డు పక్కన కూర్చుని, "అంబలే... సల్లంబలే..." అని ఒక్కసారి కేకేసేది. ఆ కేక చివర కొంచెం పైకి లేచి ఆగిపోయేది. కూలీలు ఎక్కడున్నా పని వదిలి సత్తు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఒడ్డున బోర్లా పడున్న ఆ నావ ఆవిడ మొగుడిదే. అతను పోయి అప్పటికి ఆరేడేళ్లు.

ఎండాకాలమంతా ఆవిడ ఇసకలో నడిచి వచ్చేది. వానలు పడి నది నిండాక రాదనుకున్నాం. వచ్చింది.

మొదట రెండు మూడు రోజులు నేను గమనించలేదు. ఒక రోజు ముసురు పట్టి, పాత వంతెన దగ్గర రోడ్డంతా మోకాలి లోతు బురద. ఆ దారిన వచ్చినవాళ్లు పిక్కల దాకా బురదతో వస్తున్నారు. తవిటమ్మ కాళ్లు చూశాను. పొడిగా ఉన్నాయి. చీర అంచు కూడా తడవలేదు.

"ఎలా వచ్చావమ్మా?" అన్నాను.

"వంతెన మీంచే ఒచ్చినాను బాబూ."

"మధ్యలో వంతెన లేదు కదా?"

ఆవిడ గరిటె ఆపి నా వైపు చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానో లేదో తేల్చుకుంటున్నట్టు. "ఉన్నాది కాదేటి బాబూ. మీరే కదా కడతన్నారు," అంది.

కూలీలు నవ్వారు. నేను నవ్వలేదు. నాకు వెంటనే తట్టింది ఇనుము. అవతలి ఒడ్డు కాపలావాడు అప్పన్న, తవిటమ్మ అక్క కొడుకు. ఇద్దరూ కలిసి ఎక్కడో తెప్పో దోనో దాచి ఉంచారు, ముసలామె అందులో ఇటు వస్తోంది, మా చువ్వలు అందులో అటు పోతున్నాయి. ఆ లెక్కన అన్నీ అతికాయి. అలా అన్నీ సరిగ్గా అతికితే నాకు లోపల ఒక సంతోషం ఉండేది. అది దాచుకోవడం ఎందుకు?

మర్నాటి నుంచి కనిపెట్టడం మొదలుపెట్టాను. ఒడ్డు వెంబడి అటూ ఇటూ చాలా దూరం నడిచాను. రెల్లు పొదల్లో వెతికాను. తెప్ప లేదు. ఒడ్డున తెప్ప లాగిన జాడ లేదు. అవతలికి వెళ్లి అప్పన్న గుడిసె చుట్టూ చూశాను. అప్పన్న ముప్పై ఏళ్లవాడు, తక్కువ మాటల మనిషి. నేను వెతుకుతుంటే నా వెనకాలే నడిచాడు.

"ఏటి పోనాది బాబూ?" అని అడిగాడు.

"నీకే తెలియాలి," అన్నాను. 

పాత వంతెన దగ్గర టీ కొట్టు అతన్ని అడిగాను. తవిటమ్మని అతను ఎరుగును. వానాకాలం మొదలయ్యాక తన ముందు నుంచి వెళ్లడం చూడలేదన్నాడు. మా వంతెన అవతలి కొస నుంచి పాత వంతెన మీదుగా చుట్టూ తిరిగి మా షెడ్డుకి రావాలంటే గంటన్నర పడుతుంది. నేను చేతి గడియారం చూసుకుంటూ నడిచాను. గంటా ముప్పై ఐదు నిమిషాలు.

ఒకరోజు ఖాళీ దగ్గరే, స్లాబు అంచున, గొడుగు వేసుకుని నిలబడ్డాను. తొమ్మిది నుంచి పదకొండు దాకా. ఆ రోజు తవిటమ్మ రాలేదు. ఒంట్లో బాలేదని మర్నాడు చెప్పింది. నాకు అనుమానం ఇంకా గట్టిపడింది. నేను కాపలా కాస్తున్నానని ఎవరో కబురు అందించారనుకున్నాను.

ఆ తర్వాత వారం జరిగిందే నేను ఎవరికి చెప్పినా నమ్మని సంగతి. వరసగా చెప్తాను.

ఖాళీకి రెండు వైపులా స్లాబు అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి ఆ అంచుల మీద సిమెంటు మాలు పూయించమని చెప్పారు. పొద్దున్న ఏడున్నరకి ఇటు మా మేస్త్రీ సింహాచలం, అటు ఇంకో మేస్త్రీ ఒకేసారి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించారు. దారి అడ్డంగా నాలుగడుగుల వెడల్పు పట్టీ, ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడ దాకా. ఎవరు వచ్చినా దాని మీద అడుగు వేయకుండా దాటలేరు. ఎవరినీ రానివ్వద్దని అటు మేస్త్రీ చేత అప్పన్నకి చెప్పించాను. ఇటు నేనే నిలబడ్డాను.

తొమ్మిదిన్నర దాటాక మా సూపర్వైజరు గారి జీపు ఒడ్డున ఆగింది. వెళ్లక తప్పదు. గబగబా దిగి షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఆయనతో మాట్లాడుతూ ఉండగా నా వెనక "అంబలే..." అని వినిపించింది. తిరిగి చూస్తే తవిటమ్మ కుండ దించుకుంటోంది.

సూపర్వైజరు గారిని అక్కడే వదిలేసి వంతెన మీదికి పరుగెత్తాను. మొత్తం మీద నేను అక్కడ లేనిది పావుగంట. అంతకు ఒక్క నిమిషం ఎక్కువ ఉండదు.

ఇటు పట్టీ మీద అడుగులు ఉన్నాయి. మొదటిది ఎడమ పాదం. దాని మడమ సరిగ్గా స్లాబు అంచు మీద ఉంది. దాని వెనక గాలి, కింద నది. అక్కడి నుంచి ఒక కుడి పాదం, ఆ తర్వాత పొడి స్లాబు.

అటు ఏముందో ఇటు నుంచి కనబడదు. అటు మేస్త్రీని కేకేసి చూడమన్నాను. అతను వంగి చూసి, చాలాసేపు లేవలేదు. ఆ సాయంత్రం నేను చుట్టూ తిరిగి వెళ్లి స్వయంగా చూశాను. ఎవరూ రాలేదన్నాడు అప్పన్న. అక్కడ ఎడమ, తర్వాత కుడి. కుడి పాదం వేళ్లు అంచు దాటి బయటికి వచ్చాయి. అంటే కుడి అడుగు అక్కడ వేసి, తర్వాత అడుగు ఎడమది ఇక్కడ వేసినట్టు. మధ్యలో అరవై అడుగులు.

ఇది మోసం అనే అనుకున్నాను. అటు ఒకరు, ఇటు ఒకరు తొక్కి ఉంటారు. కానీ టేపుతో కొలిచాను. రెండు వైపులా పాదం పొడవు ఒకటే, చిటికెన వేలు లోపలికి మడత పడడం ఒకటే. గుర్తుల లోతు కూడా ఒకటే. మాలు గంట గంటకీ గట్టిపడుతుంది. ముందు తొక్కింది లోతుగా, తర్వాత తొక్కింది పైపైన పడాలి. అలా లేదు.

సూపర్వైజరు గారిని అడిగాను. మేము మాట్లాడుకుంటున్నప్పుడు ఆయన జీపుకి ఆనుకుని వంతెన వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు తిరిగి ఉన్నాను. "ఆ ముసల్దా? నీ వెనక నుంచే వచ్చిందయ్యా, వంతెన దిగి. ఏం?" అన్నారు. మధ్యలో స్లాబు లేని సంగతి ఆయనకి ఆ క్షణంలో తట్టలేదు. నేను గుర్తుచేశాక నవ్వి, "అయితే చెక్క వేసుకుని వస్తున్నారన్న మాట. వెతుకు," అన్నారు. అరవై అడుగుల చెక్క ఎక్కడుంటుంది? ఉన్నా నలుగురు మనుషులు లేకుండా ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు? అయినా వెతికాను.

మర్నాడు తవిటమ్మని పిలిచి, తడిపిన ఇసక మీద పాదం పెట్టమన్నాను. ఆవిడ విసుక్కుంటూ పెట్టింది. పొడవు అదే, చిటికెన వేలి మడత అదే. ఒక్కటే తేడా. సిమెంటులో రెండో వేలి కింద మట్టె వత్తుకున్న గుర్తు స్పష్టంగా ఉంది. తవిటమ్మకి మట్టెలు లేవు.

"మట్టెలు ఎప్పుడు తీసేశావు?" అని అడిగాను. అడగకూడని మాట అని అడిగాకే తెలిసింది.

ఆవిడ పాదం వెనక్కి లాక్కుని చీర సర్దుకుంది. "ఆడు పోయినప్పుడు తీసీసినారు బాబూ. నాను తియ్యనేదు, ఆల్లు తీసీసినారు," అంది.

ఇంకొకరైతే అక్కడితో ఆగి ఉండేవారు. నాకు మాత్రం ఆ మట్టె గుర్తు మరో ఆధారంగా కనిపించింది. అంటే ఇంకో ఆడమనిషి ఉంది, ముసలామె పేరు చెప్పి ముఠా ఒకటి నడుస్తోంది. ఎలా దాటుతున్నారో నాకు తెలియలేదు. తెలియకపోయినా కాగితం మీద పెట్టేశాను. అవతలి కాపలాదారు బయటి మనుషుల్ని వంతెన మీదికి రానిస్తున్నాడు, ఇనుము పోవడంలో అతని చెయ్యి ఉందని అనుమానం, అని రాసి ఇచ్చాను. రెండు రోజుల్లో అప్పన్నని పనిలోంచి తీసేశారు.

తవిటమ్మకి నేనే చెప్పాను. ఇక మీదట పని దగ్గరికి రావద్దు, వస్తే పోలీసులకి అప్పగిస్తాను అని.

ఆవిడ ఏడవలేదు. "మా అప్పన్న దొంగ కాడు బాబూ. ఆడి పెల్లానికి నెలలు నిండినాయి. అనుమానం ఉంటే నన్ను అను, ఆడినేల తీసీసినావు?" అంది.  కుండలో ఇంకా సగం అంబలి ఉంది. ఆ రోజు కూలీలెవరూ గిన్నె పట్టుకోలేదు. ఎందుకో అందరూ తలలు దించుకుని నిలబడ్డారు. ఆవిడ కుండ ఎత్తుకుని పాత వంతెన దారి పట్టి నడిచి వెళ్లింది. ఆవిడ కనుమరుగయ్యేదాకా చూశాను.

తర్వాత ఇరవై రోజులు ఆవిడ రాలేదు. అంబలి లేదు. పది గంటలకి కూలీలు ఎక్కడ పని చేస్తే అక్కడే కూర్చుని చద్ది తినేవాళ్లు.

వినాయక చవితి వెళ్లిన వారం అది. ఊరి వైపు ఒడ్డుకి దగ్గర ఒక స్లాబు ఆఖరున పోశాం. దాని కింద సెంటరింగ్ కర్రలు ఇంకా ఉన్నాయి. పెద్ద నీళ్లు రాకముందే వాటిని ఊడదీయాలి. ఆ పొద్దున్న సింహాచలంతో కలిపి పదకొండు మంది కిందికి దిగి కర్రలు విప్పుతున్నారు. కాళ్ల కింద మడమ లోతు నీళ్లు, అంతే. ఆకాశం తేటగా ఉంది. ఎండ కాస్తోంది. నేను కూడా కిందే ఉన్నాను, వాళ్లకి కాస్త దూరంలో.

పది కాబోతోంది. "అంబలే... సల్లంబలే..."

చివర కొంచెం పైకి లేచి ఆగిపోయే ఆ కేక. నాకు ఒళ్లు మండింది. ఇంత చెప్పినా మళ్లీ వచ్చిందా! కూలీలు అప్పటికే కర్రలు వదిలేసి ఒడ్డు ఎక్కుతున్నారు. "ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?" అని అరిచాను. ఎవరూ వినలేదు. ఆవిణ్ని నేనే తరిమేస్తానని వాళ్లని తోసుకుంటూ ముందు ఎక్కాను.

షెడ్డు దగ్గర ఎవరూ లేరు. షెడ్డు చుట్టూ తిరిగాను. రోడ్డు మీదికి వెళ్లి అటూ ఇటూ చూశాను. ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది, దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. వెనక్కి వచ్చేసరికి పదకొండు మందీ గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏదీ?" అన్నాడు సింహాచలం.

అప్పుడు నది చప్పుడు మారింది. లారీలోంచి కంకర పోస్తున్నట్టు. చూస్తుండగానే ఎర్ర నీళ్లు వచ్చాయి, దుంగలూ పొదలూ ఒక గోడలా పేరుకుని. ఎగువన ఒడిశా కొండల్లో కురిసిన వాన అది. మా దగ్గర చినుకు లేదు. మేము అంతకు ముందు నిలబడిన చోట సరుగుడు కర్రలు అగ్గిపుల్లల్లా విరిగాయి. చెక్కలు, కర్రలు, వాళ్ల తువ్వాళ్లు, అన్నీ వంతెన కాళ్ల మధ్య నుంచి సముద్రం వైపు కొట్టుకుపోయాయి. కేక వినబడినప్పటి నుంచి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు.

 ఒకతను కూర్చుండిపోయి తన కాళ్లు తానే తడుముకుంటున్నాడు. నేను తలలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు.

ఆ మధ్యాహ్నం నుంచి రెండు రోజులు పాత వంతెన మీద కూడా ఎవరినీ పోనివ్వలేదు. ఆ రెండు రోజుల్లో నేను పదకొండు మందినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. తొమ్మిది మంది కేక విన్నారు. ఇద్దరు వినలేదు, మిగతావాళ్లు వెళ్తుంటే వెళ్లారు. విన్నవాళ్లలో ఆరుగురు ఒడ్డు మీద నుంచి వినబడిందన్నారు. ఇద్దరికి దిక్కు తెలియలేదు. సింహాచలం మాత్రం, "పై నుంచి బాబూ. వంతెన మీంచి," అన్నాడు.

నీళ్లు తగ్గాక నేను పాత వంతెన మీదుగా తవిటమ్మ ఊరు వెళ్లాను. ఆవిడే కేకేసిందని ఆమె నోటితో చెప్పించాలి, అదే నా మనసులో ఉన్నది. ఎగువ నీళ్ల జాడ ముందే పసిగట్టి ఉంటుంది, నావ నడిపినవాడి పెళ్లాం కదా, పోలీసుల భయంతో కేకేసి దాక్కుని ఉంటుంది. ఆ ఒక్క మాట చెబితే నేను ఆవిడ కాళ్లు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

అప్పన్న ఇంటి అరుగు మీద ఉంది. లోపల పసిపిల్ల ఏడుపు. అప్పన్న నన్ను చూసి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

వరద వచ్చిన రోజు పొద్దున్న ఎక్కడున్నావని అడిగాను. ఆవిడకి బదులు పక్కింటి ఆడవాళ్లు చెప్పారు. ఆ రోజు తెల్లవారుజాము నుంచే అప్పన్న భార్యకి నొప్పులు. తవిటమ్మే మంత్రసాని. పది గంటలకి పిల్ల పుట్టింది. ఆ గదిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. తవిటమ్మ తెల్లారి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా గడప దాటలేదు. ముగ్గురినీ అడిగాను. మాట తేడా రాలేదు.

"నువ్వు పిలవలేదా?" అన్నాను మళ్లీ.

"నువ్వు రావద్దన్నావు. నాను రానేదు," అంది తవిటమ్మ.

ఆ వెంటనే, "ఆల్లందరూ బాగున్నారేటి?" అని అడిగింది. బాగున్నారని చెప్పాను. తల ఊపి, చేటలో చోళ్లు చెరుక్కోవడం మొదలుపెట్టింది. నేను సిమెంటులో పడిన అడుగుల సంగతి ఎత్తబోయాను. ఆవిడ చేట ఆపకుండానే, "మా వోడికి పని ఇప్పిత్తావా? అది సెప్పు ముందు," అంది.

నేను రాసింది తప్పని మళ్లీ కాగితం రాసి ఇచ్చాను. పైవాళ్లు తిట్టారు, తిట్టించుకోవలసిందే. ఇనుము సంగతి కూడా ఆ తర్వాతే తేలింది. వరద తీశాక ఇసక కోసుకుపోయి, చువ్వలు ఒక స్తంభం పక్కన గుంటలో బయటపడ్డాయి. దించేటప్పుడు జారి ఇసకలో కూరుకుపోయినవి. అప్పన్న మళ్లీ పనిలో చేరాడు. వంతెన పూర్తయ్యేదాకా నాతో పని మాటలు తప్ప ఇంకొకటి మాట్లాడలేదు. ఒకసారి బీడీ ఇవ్వబోతే వద్దన్నాడు.

తవిటమ్మ మళ్లీ అంబలి తేలేదు. చిన్నపిల్ల ఉంది, తీరిక లేదంది. మరుసటి ఎండాకాలంలో ఆ అరవై అడుగులూ పోసేశాం. అంచులు చెక్కి సరిచేసే ముందు ఆ అడుగుల గుర్తులు సింహాచలానికి చూపించి, ఏమంటావు అన్నాను.  అతను వాటి మీద సుత్తి వేయడానికి ఒప్పుకోలేదు. ఇంకో మనిషి చేత చెక్కించాను. ఆ పైన తారు పడింది, బస్సులు నడిచాయి.

నేను ఆలోచించని కారణం లేదు. ఆకలి వేళ చెవులు అలవాటైన కేకని తామే పుట్టించుకున్నాయని అనుకుందామా? తొమ్మిది మంది చెవులా? ఇంకెవరో ఆవిడ గొంతు అనుకరించారా? ఆ తిన్నని రోడ్డు మీద ఎటు పోయారు? అడుగుల విషయం అయితే నేను మొదలుపెట్టిన చోటే ఉన్నాను. టేపు నాదే, కొలిచింది నేనే.

కొన్నేళ్ల కిందట రాజాం బస్టాండులో ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. ఆ పదకొండు మందిలో ఒకడు, కేక విన్నవాడు. మనవరాలి పెళ్లికి బట్టలు కొనడానికి వచ్చాడట. టీ తాగుతూ నేను ఆ సంగతే తీశాను. ఆ రోజు మిమ్మల్ని పిలిచింది ఎవరంటావు, ఇన్నేళ్లయింది, నీకేమైనా తోచిందా అని అడిగాను. ఆయన దగ్గరైనా జవాబు ఉంటుందేమోనని.

ఆయన గ్లాసు కింద పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"ఆకలేసినాది బాబూ. పిలిసినారు, ఎల్లినాం," అన్నాడు. "ఆకలేసినోడు పిలిసిందెవులని అడుగుతాడేటి?"